రాత్రి కాస్టింగ్, పగటి నిద్ర: ఒంట్లో గడియారం కథ

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్లలో కొందరు "అన్నా, గుహ కథ సగంలో వదిలేశావు" అని మెసేజ్ పెట్టారు. నిజమే, రికార్డింగ్‌కు ఉన్న టైంలో అన్నీ పట్టవు. మిగిలినవి ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్‌ను కాదు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేసి గల్ఫ్‌కు వచ్చినవాణ్ణి, ఇప్పుడు కాంక్రీట్ సూపర్‌వైజర్‌ను. ఎండాకాలం వస్తే మా పని సగం రాత్రుల్లోనే. ఈ నిద్ర సంగతి నాకు పని కోసమే కావాల్సి వచ్చింది.

మొదటి ముచ్చట మన గల్ఫ్‌దే. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అలెగ్జాండర్ మనుషుల్లో ఆండ్రోస్థనీస్ అనే ఆయన ఓడలో ఈ సముద్రమంతా తిరిగాడు. టైలోస్ అనే దీవిలో ఒక చెట్టు ఉందని, పొద్దు పొడిస్తే దాని ఆకులు విచ్చుకుంటాయని, రాత్రికి ముడుచుకుంటాయని రాసుకున్నాడు. చెట్టు నిద్రపోతుందని అక్కడి జనం అనేవాళ్లట. గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ పుస్తకంలోకి కూడా ఆ మాట ఎక్కింది. టైలోస్ అంటే ఇప్పటి బహ్రెయిన్. ఆ చెట్టు చింతచెట్టే అయి ఉంటుందని తర్వాతి పండితులు పోల్చుకున్నారు. పొద్దుగూకాక ఆకు తెంపబోతే "వద్దురా, చెట్టు నిద్రపోతోంది" అని మన ముసలమ్మలు అనే మాటే, రెండువేల ఏళ్ల కిందట ఇక్కడ కూడా అన్నారన్న మాట.

ఆ తర్వాత చాలా కాలానికి, 1729లో, ఫ్రాన్స్‌లో దె మెరాన్ అనే ఆయన అత్తిపత్తి లాంటి మొక్కను తీసుకెళ్లి చీకట్లో పెట్టాడు. ఎండ తగలకపోయినా ఆకులు పొద్దున విచ్చుకుంటూ, రాత్రి ముడుచుకుంటూనే ఉన్నాయి. సూర్యుడు వచ్చి లేపితే లేచే మొక్క కాదది, లోపల ఏదో లెక్క నడుస్తోంది. ఈ ఆలోచనను మనిషి మీద గట్టిగా పరీక్షించడానికి ఇంకో రెండువందల ఏళ్లు పట్టింది.

పరీక్షించినవాడు నేథనియల్ క్లైట్‌మన్. 1895లో కిషినేవ్‌లో పుట్టాడు, ఇప్పుడది మోల్డోవా రాజధాని. ఇరవై ఏళ్ల వయసులో, 1915లో, అమెరికా చేరాడు. మనలాగే పొట్ట చేత పట్టుకుని దేశాలు దాటినవాడే. చికాగో యూనివర్సిటీలో 1923లో పీహెచ్‌డీ చేసి, అక్కడే నిద్ర కోసం ఒక ల్యాబ్ పెట్టాడు. అప్పట్లో నిద్రంటే స్విచ్ ఆపేసిన మెషిన్ లాంటిదని, అందులో చూడ్డానికి ఏముందని అనుకునే కాలం. క్లైట్‌మన్ మాత్రం జీవితమంతా దాని మీదే పెట్టాడు. తనను తానే రోజుల తరబడి మేలుకోబెట్టుకుని, ఒంట్లో ఏం జరుగుతోందో రాసుకునేవాడు.

ఇక గుహ. రోజుకు 24 గంటలన్నది మనం చేసుకున్న అలవాటా, ఒంట్లోనే ఉందా అన్నది ఆయన ప్రశ్న. అలవాటే అయితే మార్చుకోవచ్చు. వారానికి 168 గంటలు. ఏడు రోజులుగా పంచితే రోజుకు 24. ఆరు రోజులుగా పంచితే 28. ఈ 28 గంటల రోజుతో బతికి చూద్దామని 1938 జూన్‌లో క్లైట్‌మన్, ఆయన స్టూడెంట్ బ్రూస్ రిచర్డ్‌సన్ కెంటకీలో ఉన్న మామత్ గుహలోకి దిగారు. లోపల ఎండ లేదు, చప్పుడు లేదు, చలి ఎప్పుడూ 12 డిగ్రీల దగ్గరే. రెండు మంచాలు, ఒక బల్ల, దీపాలు, తోడుగా ఎలుకలు. 9 గంటలు నిద్ర, 10 గంటలు పని, 9 గంటలు ఖాళీ. ఇలా 32 రోజులు.

పట్టుకోవాల్సింది నిద్ర టైం ఒక్కటే కాదు, ఒంటి వేడి కూడా. మామూలు మనిషికి తెల్లవారుజామున ఒళ్లు చల్లబడుతుంది, పొద్దంతా పెరుగుతూ సాయంత్రానికి బాగా వేడెక్కుతుంది. తేడా ఒక డిగ్రీ కూడా సరిగ్గా ఉండదు, కానీ తప్పకుండా ఉంటుంది. ఆ చల్లబడే టైంలో నిద్ర ముంచుకొస్తుంది. గుహలో ఇద్దరూ టైం ప్రకారం జ్వరం చూసుకున్నట్టు చూసుకుంటూ పోయారు. రిచర్డ్‌సన్ ఇరవైల్లో ఉన్న కుర్రాడు, ఒక వారంలో అతని ఒళ్లు 28 గంటల రోజుకు సర్దుకుంది. క్లైట్‌మన్‌కు మాత్రం ససేమిరా. పడుకోమన్న టైంలో నిద్ర పట్టదు, పని చేయమన్న టైంలో కళ్లు మూతపడతాయి. లోపల ఒళ్లు 24 గంటల లెక్కే పట్టుకుని కూర్చుంది. అప్పుడాయన వయసు 43. నా వయసువాడే, అందుకని ఈ ముక్క దగ్గర నేను కాసేపు ఆగాను.

ఇద్దరి మీద చేసిన పరీక్ష, ఒకటి పాస్, ఒకటి ఫెయిల్. రెండు క్యూబులు పగలగొట్టి, ఒకటి నిలబడి ఇంకొకటి నలిగితే, ఆ రిపోర్ట్‌తో ఏ కన్సల్టెంటూ స్లాబ్ పాస్ చేయడు. తేల్చడానికి ఇంకా చాలామంది నేల కిందికి పోవాల్సి వచ్చింది. 1962లో మిషెల్ సిఫ్ర్ అనే ఫ్రెంచ్ కుర్రాడు గడియారం లేకుండా ఆల్ప్స్ కొండల్లో ఒక గుహలో సుమారు రెండు నెలలు ఉన్నాడు. బయటికి తెచ్చిన రోజు సెప్టెంబర్ 14, అతని డైరీ లెక్కలో ఆగస్టు 20. రోజులు లెక్కపెట్టడంలో బుర్ర అంత తప్పింది, కానీ పడుకోవడం, లేవడం మాత్రం 24 గంటలకు కాస్త అటుగా తిరుగుతూనే ఉంది. జర్మనీలో యుర్గెన్ ఆషాఫ్ ఇదే పని బంకర్ కట్టి ఏళ్ల తరబడి చేశాడు. చివరికి 1999లో హార్వర్డ్‌కు చెందిన చార్ల్స్ సైస్లర్ బృందం కచ్చితమైన కొలత తీసింది: మనిషి లోపలి రోజు సగటున 24 గంటల 11 నిమిషాలు.

ఆ 11 నిమిషాలు చిన్నవి కావు. లోపలి గడియారం రోజూ కొంచెం వెనకపడాలని చూస్తుంది, అందుకే ఆలస్యంగా పడుకోవడం సులువు, ముందుగా పడుకోవడం కష్టం. హైదరాబాద్ నుంచి దుబాయ్ వస్తే గంటన్నర రోజు పెరుగుతుంది, మనకు తెలియను కూడా తెలియదు. అమెరికాలో ఉన్న మన శ్రోతలకు ఇది ఇంకా బాగా తెలుసు, పడమటికి పోయినప్పటి కంటే తూర్పుకు తిరిగొచ్చినప్పుడే ఎక్కువ రోజులు తల తిరుగుతుంది.

మధ్యలో ఒక ముఖ్యమైన సంగతి ఉంది, త్వరగా చెప్పి వెళ్తాను. క్లైట్‌మన్ దగ్గరే చదువుకుంటున్న యూజీన్ అసెరిన్స్కీ, పాత మెషిన్ ఒకటి బాగుచేసుకుని, ఎనిమిదేళ్ల సొంత కొడుకు తలకు వైర్లు అతికించి రాత్రంతా కూర్చున్నాడు. పిల్లాడు గాఢ నిద్రలో ఉన్నాడు, కళ్లు మాత్రం రెప్పల కింద గబగబా తిరుగుతున్నాయి. 1953లో క్లైట్‌మన్‌తో కలిసి అచ్చు వేశాడు. నిద్రలో మెదడు ఆగిపోదని, వంతులవారీగా రకరకాల నిద్ర వస్తుందని అక్కడి నుంచే లోకం ఒప్పుకుంది. ఈ అసెరిన్స్కీ 1998లో కాలిఫోర్నియాలో కారు చెట్టుకు గుద్దుకుని చనిపోయాడు. డ్రైవింగ్‌లో కునుకు పట్టి ఉండొచ్చని అన్నారు. గురువు క్లైట్‌మన్ 104 ఏళ్లు బతికాడు.

ఇప్పుడు మనకు పనికొచ్చే చోటికి వద్దాం. ఇదే సైస్లర్ అంతకుముందు, 1982లో, యూటా రాష్ట్రంలో గ్రేట్ సాల్ట్ లేక్ పక్కన ఉప్పు ఖనిజాల ఫ్యాక్టరీకి వెళ్లాడు. అక్కడ మూడు షిఫ్టులు, వారం వారం మారేవి, అదీ వెనక్కి. అంటే ఈ వారం రాత్రి, వచ్చే వారం సాయంత్రం, ఆ తర్వాత పగలు. ప్రతిసారీ ఎనిమిది గంటలు ముందుగా పడుకోవాలి, గడియారానికి ఇష్టంలేని దిక్కు అదే. సైస్లర్ బృందం దిక్కు తిప్పింది: పగలు, సాయంత్రం, రాత్రి. కొందరికి వారానికి బదులు మూడు వారాలకొకసారి మార్చారు. కొత్త మెషిన్ లేదు, జీతం పెంచింది లేదు, చార్ట్ మార్చారంతే. వర్కర్లు ఇదే బాగుందన్నారు, ఉద్యోగం మానేసేవాళ్లు తగ్గారు, ఉత్పత్తి పెరిగింది.

నలభై ఏళ్ల పైగా అయింది ఇది అచ్చయి. నేను ఇంతకుముందు చేసిన ఒక కంపెనీలో వారం పగలు, వారం రాత్రి అని తిప్పేవాళ్లు, అదే న్యాయం అనుకుని. అందరికీ సమానంగా పంచుతున్నాం కదా అని ఆఫీసు లెక్క. పగటికి ఒళ్లు సర్దుకునేలోపు రాత్రి, రాత్రికి సర్దుకునేలోపు పగలు, అందరికీ సమానంగా నిద్ర లేకుండా చేయడమే జరిగింది.

ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. మంచి రూల్, చాలా ప్రాణాలు కాపాడేది. దానికి తోడు ఎండాకాలం పగలు కాంక్రీట్ పోస్తే మిక్స్ వేడెక్కి తొందరగా బిగుసుకుపోతుంది, పగుళ్లొస్తాయి. అందుకని పెద్ద పోర్‌లన్నీ రాత్రికే పెడతారు. కాంక్రీట్‌కు 32 డిగ్రీలు దాటకూడదని థర్మామీటర్ పట్టుకుని ట్రక్కు ట్రక్కుకూ చూస్తాం, ఐస్ కలుపుతాం. ఆ కాంక్రీట్ పోసే మనిషి ఎన్ని గంటలు పడుకుని వచ్చాడో చూసే కాలమ్ మాత్రం ఏ చెక్‌లిస్ట్‌లోనూ నేను చూడలేదు.

దీనికి కూడా కొలత ఉంది. 1997లో ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే ఇద్దరు చేశారు. ఒకసారి మనుషుల్ని మేలుకోబెట్టి, ఇంకోసారి మందు తాగించి, ఒకటే పరీక్ష పెట్టారు. 17 గంటలు మేలుకున్న మనిషి చెయ్యీ కన్నూ, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి లెక్కన పనిచేశాయి. చాలా దేశాల్లో ఆ మోతాదుకు లైసెన్స్ పోతుంది. 24 గంటలకు అది 0.10 దగ్గరికి వెళ్లింది. మన సైట్‌కు పెట్టి చూడండి. పొద్దున 7 గంటలకు లేచినవాడు, మొదటి నైట్ షిఫ్ట్ కాబట్టి పగలు నిద్ర పట్టక, సాయంత్రం 7 గంటలకు బస్సెక్కాడు. రాత్రి 12 అయ్యేసరికి 17 గంటలు. అప్పుడు అతను పంపు గొట్టం పట్టుకుని స్లాబ్ అంచున ఉంటాడు. తాగి సైట్‌లోకి వస్తే మరునాడే విమానం ఎక్కిస్తారు. ఇతన్ని మనమే బస్సు పెట్టి తీసుకొస్తాం.

త్రీ మైల్ ఐలాండ్ ప్రమాదం 1979లో తెల్లవారుజామున 4 గంటలకు మొదలైంది, చెర్నోబిల్ 1986లో రాత్రి 1:23కు పేలింది. నిద్ర మీద రాసేవాళ్లు ఈ పేర్లు తప్పకుండా చెప్తారు, వాటితో పాటు 1984 భోపాల్ కూడా. నాకు భోపాల్‌ను ఈ వరుసలో పెట్టడం నచ్చదు. అక్కడ చల్లబరిచే మెషిన్ ఆపేసింది, భద్రత ఖర్చులు కోసింది పగటిపూట ఆఫీసులో కూర్చున్నవాళ్లు. రాత్రి డ్యూటీలో ఉన్నవాడి కునుకు మీదికి తోయడం సులువు.

గురక గురించి కూడా ఒక మాట. గుర్రుపెట్టి పడుకున్నాడంటే హాయిగా పడుకున్నాడనే మన లెక్క. 1965లో ఫ్రాన్స్‌లో గాస్టో బృందం, జర్మనీలో యుంగ్, కూలో అలాంటివాళ్లను రాత్రంతా గమనించి వేరే సంగతి కనిపెట్టారు. కొందరికి గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, మళ్లీ ఆగుతుంది, రాత్రికి వందలసార్లు. తెల్లారితే వాడికే తెలియదు, పగలంతా తూగుతాడు. అప్పట్లో గొంతుకు రంధ్రం పెట్టడమే గట్టి వైద్యం. 1981లో సిడ్నీ డాక్టర్ కాలిన్ సల్లివన్ ముక్కుకు మాస్క్ పెట్టి గాలి తోసే పద్ధతిని ఐదుగురు రోగుల మీద చూపించాడు, ఇప్పుడు లోకమంతా వాడే మెషిన్ అదే. రూమ్‌లో ఎవరికైనా గురక మధ్యలో టక్కున ఆగి, తర్వాత ఎగపోసి ఊపిరి తీస్తుంటే, నవ్వుకుని వీడియో తీయకండి. ఆ వీడియో తీసినా డాక్టర్‌కు చూపించడానికే తీయండి.

2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం నైట్ షిఫ్ట్‌ను క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో పెట్టింది, 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచింది. రాత్రి పని మానేయమని నేను చెప్పను, చెప్పినా ఎవరు వింటారు. నెలకు ఊరికి పంపాల్సింది పంపాలి. కానీ 1980లో ఆల్‌ఫ్రెడ్ లూయీ అమెరికాలో చూపించాడు, కంటికి గట్టి వెలుతురు పడితే నిద్ర హార్మోన్ మెలటోనిన్ తగ్గిపోతుందని. పొద్దున షిఫ్ట్ దిగి, ఎడారి ఎండలో గంటసేపు బస్సులో వచ్చేవాడికి నిద్ర ఎందుకు పట్టదో అందులోనే ఉంది. బస్సులో నల్ల కళ్లద్దాలు పెట్టుకోమంటే మా వాళ్లు మొదట హీరోలని వెక్కిరించుకున్నారు. ఇప్పుడు పెట్టుకుంటున్నారు.

ఈ ఎండాకాలం క్యాంప్ బాస్‌ను అడిగి నైట్ వాళ్లందరినీ ఒకే వరుస గదుల్లోకి మార్పించాం. అంతకుముందు ఒక గదిలోనే సగం పగలు, సగం రాత్రి ఉండేవాళ్లు, ఒకడి అలారం ఇంకొకడి నిద్రకు ఎసరు. కిటికీలకు ఏసీ డక్ట్‌కు చుట్టే అల్యూమినియం ఫాయిల్ అతికించాం, పైసా ఖర్చు లేదు, స్టోర్‌లో మిగిలిన ముక్కలే. షిఫ్ట్ వారానికొకసారి కాకుండా మూడు వారాలకు మార్చమని ప్రాజెక్ట్ మేనేజర్‌కు యూటా చార్ట్ గీసి ఇచ్చాను. ఆయన ఇంకా జవాబు ఇవ్వలేదు. వచ్చే గురువారం రాత్రి రాఫ్ట్ పోర్ ఉంది, 1100 క్యూబిక్ మీటర్లు, పగటి గ్యాంగ్ నుంచి పద్నాలుగు మందిని పంపమని అడిగారు. వాళ్లకు బుధవారం నుంచే పగటి పని ఆపి పడుకోనివ్వాలని రాసి పెట్టాను.