జారే తెర, గెంతే తెర

మారియో ఆటలో తెర జారుతుంది. డేవ్ ఆటలో తెర గెంతుతుంది. ప్రిన్స్ ఆటలో తెర కదలనే కదలదు. ఒక గది పోయి ఇంకో గది వస్తుంది.

చిన్నప్పుడు ఈ మూడూ ఆడినవారికి ఈ తేడా బుర్రకంటే ముందు చేతివేళ్ళకు తెలుసు. మారియోతో పరుగెత్తేటప్పుడు వేలు బొత్తాం మీదనుంచి లేవదు. డేవ్ తెర అంచుకు చేరగానే వేలు తనంతట తానే ఆగుతుంది. ప్రిన్స్ దగ్గరైతే గది దాటేముందు ఊపిరి కూడా ఆగేది. ఏ ఆట తీరు దానిదని సరిపెట్టుకున్నామే తప్ప, ఇలా ఎందుకని ఎవరమూ అడగలేదు. ఈమధ్య కొన్ని రాత్రులు వరసగా ఆ పాత ఆటలన్నీ ముందేసుకుని కూర్చున్నాక, ఆ తేడా వెనక ఒక చక్కని చరిత్ర ఉందని తెలిసివచ్చింది. ఒక పందెం ఆట ఒక గెంతుల ఆటకు దారి వేయడం, మన డేవ్ ఒక రాత్రిపూట మారియో వేషం కట్టడం అందులోవే. (గట్టు మీంచి గట్టు మీదికి దూకుతూ పోయేవాటిని లోకం ప్లాట్‌ఫారం ఆటలంటుంది. నాకు గెంతుల ఆటలనడమే బాగుంది.)

మన ఊళ్ళకు ఇవి రెండు దారుల్లో వచ్చాయి. మొదటిది టీవీ గేము. 1983 జులై 15న నింటెండో సంస్థ జపానులో విడుదల చేసిన ఫామికాం అనే యంత్రానికి అవి నకళ్ళు. అసలు యంత్రంలో విడివిడిగా ఉండే చిప్పులన్నిటినీ ఒక్కదానిలోకి కుదించి, పలక మీద నల్లటి చుక్కలా అతికించి చవగ్గా అమ్మారు. దానిలో దోపే క్యాసెట్టు మీద వేలూ లక్షల అంకెలుండేవి గానీ, లోపల ఉన్నవి పదో పన్నెండో ఆటలు. అవే పేర్లు మార్చుకుని మళ్ళీమళ్ళీ వచ్చేవి. కొనలేనివాళ్ళకు గంట లెక్కన ఆడనిచ్చే దుకాణాలుండేవి. రెండో దారి కంప్యూటరు. డాసూ, వర్డ్‌స్టారూ, డీబేసూ నేర్పుతామన్న శిక్షణ కేంద్రాల్లో ఫీజు కట్టి, ఆ డాస్ ఆదేశాలతో మొట్టమొదట చేసిన ఘనకార్యం డేవ్ ఉన్న డైరెక్టరీలోకి వెళ్ళడం. మీలో చాలామందికి ఇది పరిచయమైన పాపమే అయివుంటుంది.

ఇక తెర సంగతి. ఫామికాంలో బొమ్మలు చూసుకోవడానికే ప్రత్యేకంగా ఒక చిప్పు ఉంది. నేపథ్యం కోసం దాని అధీనంలో ఉన్న జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లు. అందులో రెండు తెరల నేపథ్యం పడుతుంది. ఆ రెంటినీ పక్కపక్కన పరిచి, ఎక్కడినుంచి చూపించాలో ఒక అంకె చెబితే చాలు. ఆ అంకెను ఒకటి పెంచితే నేపథ్యమంతా ఒక్క చుక్క పక్కకు జరుగుతుంది. ప్రాసెసరు చేయవలసిందల్లా కుడి అంచు బయట, ఇంకా కనబడని చోట, కొత్త నిలువు వరసను ముందుగా రాసిపెట్టడం. చేర్యాల పటం విప్పుతూ కథ చెప్పేవాళ్ళను చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. పటాన్ని ఎవరూ అప్పటికప్పుడు గీయరు. చుట్ట ఒకవైపు విప్పుతూ, రెండోవైపు చుడతారు.

ఈ సదుపాయాన్ని మియమోటో షిగెరు బృందం గట్టిగా వంటబట్టించుకున్నది మారియోతో కాదు, 1984లో వచ్చిన ఎక్సైట్‌బైక్‌తో. మిట్టలమీద మోటారు సైకిలు ఎగిరే ఆట, ఎక్కువసేపు వేగం పెంచితే ఇంజను వేడెక్కి ఆగిపోయేది, అదే. బండి వేగానికి తగ్గట్టు నేలంతా తడబడకుండా జారడానికి వారక్కడ నేర్చుకున్న విద్యే 1985 సెప్టెంబరు 13న వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌కు పునాది అయిందని మియమోటో తరవాత చెప్పాడు. మారియో అలా పరుగెత్తుకుపోయేది ఒక బండి కోసం వేసిన దారి మీదన్నమాట. ఇది తెలిశాక మళ్ళీ ఆడి చూడండి. మారియో బొత్తాం వదిలిన వెంటనే ఆగడు, కాస్త జారి ఆగుతాడు. ఎదురుదిశకు తిప్పితే టైరు రాసుకున్నట్టు ముందు ఈడ్చుకుపోయి, ఆ తరవాతే తిరుగుతాడు. నాకు మాత్రం ఇప్పుడతనిలో మోటారు సైకిలే కనిపిస్తోంది.

ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు. ఆకాశంలో మేఘమూ, నేలమీద పొదా ఒకే బొమ్మ, రంగు మాత్రం వేరు. అంత పొదుపులో వాళ్ళు తీసుకున్న నిర్ణయాల్లో ఒకటి మనల్ని బాగా ఏడిపించింది: తెర ఎడమకు తిరగదు. వదిలేసిన పుట్టగొడుగు తెర అంచు దాటిందా, ఇక పోయినట్టే.

పందెం ఆటల్లో మన దుకాణాలను ఏలినది కొనామీవారి రోడ్ ఫైటర్. ఆ పేరు ఎవరికీ తెలియదు. కార్ రేసు అంటే అదే. 1984లో నాణెం వేసి ఆడే పెట్టెగా పుట్టి, మరుసటేడు ఫామికాంకు వచ్చింది. పైనుంచి చూసే రోడ్డు, ఎర్ర కారు, గంటకు 400 కిలోమీటర్ల వేగం. ఇందులో ప్రాణాలు లేవు, ఉన్నది ఇంధనం. గుద్దుకున్న ప్రతిసారీ అది హరించుకుపోతుంది, రంగురంగుల కారును తాకితే కాస్త పెరుగుతుంది. ఎవరైనా రాసుకుంటే మన కారు పక్కకు కొట్టుకుపోతుంది. జారేవైపుకే కాసేపు తిప్పాలా, ఎదురు తిప్పాలా అన్న వాదన దుకాణాల్లో ఏళ్ళ తరబడి నడిచింది. (ఎదురే తిప్పాలి. మొన్న మరోసారి రూఢి చేసుకున్నాను.) ఎక్కడా గుద్దుకోకుండా చాలాదూరం పోతే రోడ్డు పక్కనుంచి ఒక మనిషి ఎగురుతూ పైకి పోతాడు. మాకు అతను సూపర్‌మాన్. నిజానికి అతను కొనామీ మాన్, ఆ సంస్థ తన ఆటల్లో అక్కడక్కడా దాచిపెట్టుకునే సొంత బొమ్మ. చేసినవాళ్ళు తమ గుర్తుగా వదిలిన ఆ సంతకాన్ని మనం ఇంకో పేరుతో చదువుకున్నాం.

ఇప్పుడు కంప్యూటరు వైపు. ఆనాటి పీసీ ఆఫీసు పనికోసం పుట్టినది. తెర జారించే ఏర్పాటు దానికి ఫామికాంకున్నంత సులువుగా లేదు. బొమ్మ కదలాలంటే ప్రాసెసరే తెరంతా తిరిగి గీయాలి. గీసేలోపు ఆట నత్తనడక అవుతుంది. అందుకే డేవ్ అంచుకు చేరేదాకా తెర కదలదు. చేరగానే ఆట ఒక్కక్షణం ఆగి, తెర దాదాపు మొత్తం గిర్రున పక్కకు జరిగి, మళ్ళీ నిలబడుతుంది.

డేంజరస్ డేవ్‌ను రాసినవాడు జాన్ రొమేరో, 1988లో, ఆపిల్ టూ యంత్రం కోసం. అప్‌టైం అనే పత్రిక ఒకటుండేది. కాగితం మీద కాదు, డిస్కు మీద వచ్చే పత్రిక. అందులో రొమేరో తన ప్రోగ్రామింగు పనిముట్టు గురించి రాసిన వ్యాసానికి ఉదాహరణగా జతచేసిన ఆట ఇది. మనం ఏళ్ళకేళ్ళు తలలు పగలగొట్టుకున్నది ఒక వ్యాసానికి అనుబంధం! పీసీ రూపం 1990లో వచ్చింది. పది స్టేజిలు, బంగారు కప్పు తీసుకుంటేగాని తెరుచుకోని తలుపు. మారియో ప్రభావం దాచుకోలేదు. దాచేందుకు ప్రయత్నించినట్టు కూడా కనబడదు.

అప్పటికి రొమేరో లూసియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్టులో సాఫ్ట్‌డిస్క్ అనే సంస్థలో పనిచేస్తున్నాడు. 1990 సెప్టెంబరులో ఒక రాత్రి అతని సహోద్యోగులు జాన్ కార్మాక్, టామ్ హాల్ ఆఫీసులో ఉండిపోయారు. పీసీ తెరను జారించే కిటుకు కార్మాక్‌కు చిక్కింది. ఆటలోని దృశ్యం చిన్న పలకల అమరిక కదా. పక్కపక్క పలకలు చాలావరకు ఒకేలా ఉంటాయి, ఆకాశం పక్కన ఆకాశం, ఇటుక పక్కన ఇటుక. కాబట్టి తెరకు మించిన మేర వీడియో జ్ఞాపకంలో పెట్టుకుని, చూపే చోటును కొద్దికొద్దిగా జరుపుతూ, మారిన పలకలను మాత్రమే గీస్తే సరిపోతుంది. యంత్రంలో లేని పటపుచుట్టను లెక్కతో కట్టాడన్నమాట. దాన్ని నిరూపించడానికి ఇద్దరూ సూపర్ మారియో బ్రదర్స్ మూడో ఆటలోని మొదటి స్టేజిని తెల్లవారేలోగా పీసీలో దించేశారు. మారియో స్థానంలో మాత్రం చేతికందిన డేవ్‌ను నిలబెట్టారు. కాపీరైటు ఉల్లంఘనలో డేంజరస్ డేవ్ అని దానికి పేరుపెట్టి, ఫ్లాపీని రొమేరో బల్ల మీద వదిలి ఇళ్ళకు పోయారు. పొద్దున్న అది చూసిన రొమేరోకు ఇక ఆ ఉద్యోగంలో ఉండే పని లేదని అర్థమైంది.

వారు మారియో మూడో ఆటకు పీసీ నమూనా చేసి నింటెండోకు పంపితే, వారు వద్దన్నారు. అదే విద్యతో సొంతంగా కమాండర్ కీన్ చేశారు, 1990 డిసెంబరు 14న విడుదలైంది. 1991 ఫిబ్రవరిలో ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ పెట్టారు. డూమ్ 1993లో వచ్చింది. ఇదంతా జరిగిపోయిన చాలా ఏళ్ళకు కూడా మన శిక్షణ కేంద్రాల్లో డేవ్ తెర గెంతుతూనే ఉంది. జారే తెర ఎక్కిన డేవ్ ఒకడు 1991లో దయ్యాల భవంతి ఆటలో ఉన్నాడు గానీ, మనవాళ్ళకు దగ్గరైనవాడు ఆ పాత ఎర్రటోపీ డేవే.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా కథ వేరు. జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడు డేవిడ్‌ను 1985లో పరుగెత్తించి, దూకించి, వీడియో తీశాడు. తెర మీద ఆపిన ఒక్కొక్క దృశ్యాన్ని ఫోటో తీసి, ఆకారాన్ని దిద్దుకుని, ఆపిల్ టూలోకి ఎక్కించాడు. కత్తియుద్ధానికి ఆధారం 1938 నాటి రాబిన్‌హుడ్ సినిమా. నాలుగేళ్ళ శ్రమ తరవాత 1989లో ఆట వచ్చేసరికి ఆపిల్ టూకే నూకలు చెల్లిపోతున్నాయి. మొదట్లో అమ్మకాలు చప్పగా సాగాయి. 1990లో వచ్చిన పీసీ రూపమూ, ఇతర యంత్రాల రూపాలూ దాన్ని నిలబెట్టాయి.

ఆపిల్ టూ ప్రాసెసరూ ఫామికాం ప్రాసెసరూ ఒకే 6502 వంశానివి. కాని దీనికి ఆ బొమ్మల చిప్పు లేదు, జారే తెర లేదు. మెక్నర్ దానితో కొట్లాడలేదు. స్టేజిని గదులుగా కోశాడు. ఒక్కో గది అడ్డంగా పది, నిలువుగా మూడు పలకలు. ఆటలోని భయమంతా అక్కడే పుట్టిందని నా నమ్మకం. మారియోలో రాబోయే గుంట ముందే కనబడుతుంది. ఇక్కడ అంచునుంచి దూకితే కాలికింద నేల ఉందో, మేకులున్నాయో ఆ గదిలో పడేదాకా తెలియదు. తెర జారివుంటే ప్రిన్స్ మంచి ఆటే అయ్యేది, ఇంత బెదిరించే ఆట మాత్రం అయ్యేది కాదు.

ఇంకో శత్రువును పెడదామంటే జ్ఞాపకంలో చోటు లేదు. అందుకని యువరాజు బొమ్మనే తీసుకుని, ఒక్క బిట్టు పక్కకు జరిపి, దానితోనే కలిపి చెరిపితే మిణుకుమిణుకుమనే నీడమనిషి తయారయ్యాడు. నాలుగో స్టేజిలో అద్దంలోంచి బయటికొచ్చేది అతనే. పన్నెండో స్టేజిలో అతన్ని పొడిస్తే మన ప్రాణమే తగ్గుతుంది. కత్తి ఒరలో పెట్టి ఎదురువెళ్ళి కలిసిపోవాలి. చోటు చాలక పుట్టినవాడు కథకే ప్రాణమయ్యాడు. మనలో చాలామంది ఈ ఘట్టాన్ని చూసింది మెగాహిట్ అని టైపు చేసి, దొంగదారిన స్టేజిలు దాటుకుంటూ వెళ్ళిన పుణ్యాన. సినిమా పోస్టరు మీది ఆ మాట ఆ ఆటకు తాళంచెవి ఎలా అయిందోగాని, మన ఊళ్ళలో నోటినుంచి నోటికి పాకడానికి అంతకంటే అనువైన మాట దొరకదు.

రోడ్ ర్యాష్ గురించి ఎక్కువ చెప్పను, అది కాలేజీనాటి మాట. 1991లో సెగా యంత్రానికి వచ్చిన తొలి ఆటలో రోడ్డు నిజంగా లోతున్నది కాదు. అడ్డగీతలను ఒకదానిపై ఒకటి పేర్చి, పైకి పోయేకొద్దీ కుదిస్తూ, పక్కకు జరుపుతూ మలుపులు పుట్టించారు. మనం విండోస్‌లో గొలుసు తిప్పుకుంటూ ఆడినది 1996 నాటిది. ఉద్యోగరీత్యా కాలిఫోర్నియా చేరిన తెలుగువాళ్ళలో ఎంతోమందికి సియెర్రా నెవాడా, నాపా లోయ పేర్లు మొదట తెలిసింది అక్కడే.

మళ్ళీ ఆడుతున్నప్పుడు నన్ను వదలనిది ఒకటుంది. ఈ ఆటలన్నీ మనకు కర్తలు లేకుండా వచ్చాయి. నకలు క్యాసెట్లలో చాలావాటి మొదటి తెరమీద సంస్థ పేరూ సంవత్సరమూ చెరిపేసి ఉండేవి. ఫ్లాపీతో పుస్తకం వచ్చేది కాదు. పద్యానికి కవి పేరు పోతే చాటువు అంటాం. ఇవి మనకు చాటువులయ్యాయి. అలాగని నకలు చేసినవాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాదు. అతను లేకపోతే ఆటే లేదు. అసలు మూలాలను దాచుకోవడం చేసినవారికే కష్టమైంది. ప్రిన్స్ అసలు ప్రోగ్రాం ఉన్న డిస్కులు ఎక్కడో పోయాయనుకుంటే, 2012లో మెక్నర్ తండ్రికి ఇంట్లో ఒక పెట్టెలో దొరికాయి. (ఆ ఆటకు సంగీతం కట్టింది కూడా ఆయనే.) పాత డిస్కుల్లోంచి జాగ్రత్తగా తీసి ఆ ఏడే అందరికీ అందుబాటులో పెట్టారు. నింటెండో వద్దన్న ఆ మారియో నమూనా ప్రతి ఒకటి 2021లో న్యూయార్కు రాష్ట్రం రోచెస్టరులోని స్ట్రాంగ్ ఆటల మ్యూజియానికి చేరింది.

డేవ్ సంగతికొస్తే, ఆట పేరు కిందే రొమేరో పేరుంది, సంవత్సరమూ ఉంది. ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి ఎన్ని చేతులు మారినా ఆ వరసను ఎవరూ చెరపలేదు. మొన్న రాత్రి దాన్ని చదివి, కాసేపు అలాగే ఉంచి, ఆ తరవాత మీట నొక్కాను. మూడో స్టేజి దాటలేదు.