నోటికాడి కూడు

“దీనికి తిండి పెడుతున్నారా, మాడుస్తున్నారా?”

డాలస్‌లో కూతురింటికి వచ్చిన అమ్మమ్మ అక్వేరియం ముందు నిలబడి అడిగింది. అడుగున బొటనవేలంత కప్ప. డొక్కలు లోపలికి పోయాయి, తుంటి ఎముకలు పొడుచుకొచ్చాయి. పైన తిరిగే చేపలు మాత్రం నిగనిగలాడుతున్నాయి.

“రోజూ వేస్తున్నాను అమ్మమ్మా! అదే తినట్లేదు.” మనవరాలికి ఏడుపొక్కటే తక్కువ.

“ఏదీ, నా ముందు వెయ్యి.”

పాప చిటికెడు గుళికలు చల్లింది. చేపలు ఎగబడ్డాయి. ఒక్కటీ అడుగుదాకా రాలేదు. కప్ప అటూ ఇటూ తడుముకుని, ఓ గులకరాయిని నోట్లోకి లాక్కుని వదిలేసింది.

“తినకపోవడమేంటే? దానికి మిగిలితే కదా!”

ఇది ఆఫ్రికా మరుగుజ్జు కప్ప. కాంగో నదీ ప్రాంతపు నిదానమైన నీళ్లు దీని పుట్టిల్లు. బతుకంతా నీళ్లలోనే, గాలి పీల్చడానికి మాత్రం పైకొస్తుంది. మన పొలాల్లో కప్పలా నాలుక విసిరి పురుగును పడదామంటే దీనికి నాలుకే లేదు. నోరు తెరిచి నీళ్లతోపాటే ఆహారాన్ని గుంజుకోవాలి. చూపూ అంతంతమాత్రమే, వాసననూ, నీటి కదలికనూ బట్టి వెతుక్కుంటుంది. చేపలతో కలిసిపోతుందని చెప్పి అమ్ముతుంటారు. నిజమే, కొట్టుకోవు. కానీ టెట్రాల్లాంటి చురుకైన చేపల మధ్య దీన్ని వదలడమంటే, కళ్లజోడు పోగొట్టుకున్న తాతయ్యను బఫే భోజనానికి తోయడమే!

మర్నాడు పశువైద్యురాలికి చూపించారు. చర్మానికి పట్టే కైట్రిడ్ శిలీంధ్రం, కడుపులో ఇరుక్కున్న గులకరాయి, నీటిలో పేరుకున్న అమోనియా... వీటిలో ఏదైనా తిండి మాన్పించగలదు. ఇక్కడ ఆ ఆనవాళ్లేవీ లేవు. “వేరే తొట్టిలో పెట్టండి. నోరు మాత్రం బలవంతంగా తెరవకండి,” అందావిడ.

రాళ్లు లేని చిన్న తొట్టి. క్లోరిన్ పోగొట్టే మందు కలిపిన నీళ్లు, 25 డిగ్రీల వెచ్చదనం. ఫ్రీజర్‌లోంచి తీసిన బ్లడ్‌వార్మ్‌లను, అంటే సన్నటి ఎర్ర పురుగులను, కరిగించి డ్రాపర్‌తో కప్ప ముక్కు దగ్గర వదిలారు.

కదల్లేదు.

“లైటు తీసెయ్యవే. అంతమంది గుడ్లప్పగించి చూస్తుంటే ముద్ద దిగుతుందా?”

గదిలో వెలుతురు తగ్గింది. పాప ఊపిరి బిగబట్టింది. చాలాసేపటికి కప్ప తల తిప్పింది. ఒక్క గుటక! బయట వేలాడుతున్న పురుగు తోకను రెండు చేతులతో లోపలికి నెట్టుకుంది.

“తింది అమ్మమ్మా!”

“అరవకే, బెదురుతుంది.”

ఆ తర్వాత రోజూ కొద్దికొద్దిగా పెట్టారు. మిగిలింది కుళ్లకముందే తీసేశారు. వారాలు గడిచేకొద్దీ డొక్క పూడింది. ఇప్పుడు దాని తొట్టి దానిదే.

మీ ఇంట్లోనూ ఈ కప్ప ఉంటే, తిండి వేసి వెళ్లిపోకండి. దాని నోట్లో పడిందో లేదో నిలబడి చూడండి. కళ్లముందే చిక్కిపోతుంటే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.