పారితోషికం, లైన్ అకౌంట్, వంద డాలర్లు

తెలుగులో పాలేరుకు జీతం ఉంది, కూలివానికి కూలి ఉంది, వకీలుకు ఫీజు ఉంది, పురోహితునికి సంభావన ఉంది. రచయితకు ఇచ్చేదానిని మాత్రం పారితోషికం అన్నాం. పరితోషం కలిగినందుకు ఇచ్చేది పారితోషికం. రాజుగారికి పద్యం నచ్చితే మెడలోని హారం తీసి ఇచ్చిన కాలపు మాట అది. నచ్చకపోతే ఇవ్వనక్కరలేదు. ఎంత అని అడగకూడదు. ఇచ్చినదానిని అక్కడే లెక్కపెట్టుకోకూడదు. రాజులు పోయారు గాని మాట పోలేదు. పత్రికలవారూ ప్రచురణకర్తలూ దానిని భద్రంగా అందిపుచ్చుకున్నారు. పుచ్చుకోరా మరి!

ఆ మాట చాటున చేతులు మారిన చిన్న చిన్న మొత్తాల చరిత్ర చెప్పుకోవడానికి హైదరాబాదులో లోయర్ ట్యాంక్ బండ్ ప్రాంతాన్ని మించిన చోటు నాకు తోచలేదు. హుసేన్‌సాగర్ కట్ట దిగితే కట్టమైసమ్మ గుడి. ఆ రోడ్డు మీదనే 1996లో సంఘీవారు ప్రారంభించిన వార్త దినపత్రిక కార్యాలయం. పక్కన దోమలగూడలో ఎక్స్‌ప్రెస్ వారి భవనం, అందులో ఆంధ్రప్రభ. ఇంకొంచెం నడిస్తే అశోక్ నగర్, చిక్కడపల్లి, అక్కడి సిటీ సెంట్రల్ లైబ్రరీ, త్యాగరాయ గానసభ. ఆర్టీసీ చౌరస్తా దగ్గర కళాజ్యోతి, ఆజామాబాదులో చరిత ఇంప్రెషన్స్. ఎన్నో తెలుగు పుస్తకాల తొలిపుటల్లో ముద్రాపకులుగా కనిపించే పేర్లివి. నారాయణగూడ దాటితే హిమాయత్‌నగర్‌లో తెలుగు అకాడమీ. వ్రాసేవాడు, కూర్చేవాడు, అచ్చువేసేవాడు, చదివేవాడు అందరూ కాలినడకన కలుసుకోగలిగినంత దూరంలోనే ఉన్నారు. డబ్బు మాత్రం ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క కొలతతో తిరిగింది.

కొంచెం వెనక్కి వెళదాం. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉర్దూలో పాఠ్యగ్రంథాలు సమకూర్చడానికి నిజాం ప్రభుత్వం 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పింది. అందులో అనువాదకులు కొలువు చేసేవారు, జీతాలు పుచ్చుకొనేవారు. జోష్ మలీహాబాదీ అంతటి కవి 1920లలో ఉత్తరాది నుంచి వచ్చి అందులో పనిచేశాడు. అదే నగరంలో తెలుగులో వ్రాసేవానికి ఏ కొలువూ లేదు. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావుగారు, మిత్రులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి చందాదారులను కూడగట్టి పుస్తకాలు వేసింది, నవలలకు పోటీలు పెట్టి బహుమతులిచ్చింది. కాని అది త్వరలోనే మద్రాసు తరలిపోయింది. 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక వెలువడింది. వంటపని చేసి, హోటలులో సర్వరుగా పనిచేసి వచ్చిన వట్టికోట ఆళ్వారుస్వామికి ఆ పత్రికలో దొరికిన కొలువు ప్రూఫ్ రీడరుది. తరువాత 'ప్రజల మనిషి' వ్రాయబోయే మనిషికి అక్షరాల మీద వచ్చిన జీతం, ఇతరుల అచ్చుతప్పులు దిద్దినందుకు! 1938లో ఆయన దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తానే మోసుకొని తిరిగి అమ్మాడు. పాఠకుని చేతిలోని డబ్బు నేరుగా అక్షరానికి చేరేలా చేయాలని చూసిన అతి కొద్దిమందిలో ఆయన ఒకడని నా అభిప్రాయం.

తక్కినచోట్ల రచయితకు ముట్టినది ఎప్పుడూ వేరొక సరుకు మిగులు. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను నిలబెట్టినది అమృతాంజనం సీసా. ఈనాడు వెనుక మార్గదర్శి చిట్టీలు, వార్త వెనుక సంఘీవారి పరిశ్రమలు. నేను దీనిని తప్పుగా చెప్పడం లేదు. ఆ సరుకులు లేకపోతే ఆ పత్రికలే లేవు. కాని సరుకు యజమాని దయగా ఇచ్చినది పారితోషికమే అవుతుంది, ధర కాదు. వారపత్రికల వైభవం సాగిన రోజుల్లో కథ అచ్చయిన కొన్ని వారాలకు పోస్టుమ్యాను మనియార్డరు తెచ్చేవాడు. ఫారం అడుగున ఉండే చిన్న కూపను మీద కథ పేరు, పత్రికవారి ముద్ర. రూపాయలు ఖర్చయిపోయేవి, ఆ కూపను మాత్రం ఏళ్ళ తరబడి పెట్టె అడుగున ఉండేది. మనియార్డరు 1880లో పుట్టి 2015లో పాతరూపంలో నిలిచిపోయింది గనుక ఆ కూపను ఇప్పుడు పురావస్తువు.

రాష్ట్రభాషల్లో విశ్వవిద్యాలయ స్థాయి పాఠ్యపుస్తకాలు తయారుచేయడానికి కేంద్రం ఒక్కొక్క రాష్ట్రానికి కోటి రూపాయల వరకు ఇచ్చే పథకం 1968లో వచ్చింది. ఆ ఏడాదే తెలుగు అకాడమీ ఏర్పడింది. తొలి అధ్యక్షుడు పి.వి.నరసింహారావుగారు. దారుల్ తర్జుమా పెట్టిన యాభై ఏళ్ళకు అదే నగరంలో తెలుగుకు దొరికిన చోటు ఇది. ఒక పుస్తకానికి రచయిత, అనువాదకుడు, సంపాదకుడు అని వేరువేరుగా మనుషులు, వేరువేరుగా పారితోషికాలు. కళాశాల అధ్యాపకులకు అది జీతం పైన చన్నీళ్ళకు వేణ్ణీళ్ళు. మాట పారితోషికమే గాని అక్కడ ముందుగా ఒప్పందం ఉంది, పని ముగిస్తే అడిగే హక్కు ఉంది. తెలుగు వ్రాతకు అది పెద్ద మార్పు, దానిని మనం పెద్దగా గుర్తించలేదు.

అసలైన కొలతబద్ద మాత్రం దినపత్రికల వల్ల వచ్చింది. 1989లో ఈనాడు జిల్లా సంచికలు మొదలుపెట్టింది, తక్కినవారు అనుసరించారు. మండలానికొక విలేకరి కావలసివచ్చాడు. అంతమందికి జీతాలివ్వడం ఎవరి తరం? అందుచేత కంట్రిబ్యూటర్ అనే మనిషి, లైన్ అకౌంట్ అనే లెక్క పుట్టాయి. అచ్చయిన వార్తలను కత్తిరించి, కాగితాలకు అంటించి, స్కేలుతో కొలిచి నెలాఖరున పంపడం. అచ్చయినంత మేరకే డబ్బు. దోమలగూడలోనో లోయర్ ట్యాంక్ బండ్‌లోనో డెస్కు మీద కూర్చున్న సబెడిటరు 'ఇది సాగదీత' అని ఒక పేరా కొట్టివేస్తే, సత్తుపల్లిలో ఒకని నెలసరి ఆదాయంలో అంత తరుగు. సబెడిటరు చేసినది భాషాసేవే, సందేహం లేదు. కాని సాగదీయడం నేర్పినది ఆ కొలతే కదా? 19వ శతాబ్దపు లండనులో ఇలా పంక్తి లెక్కన బ్రతికే వారిని పెన్నీ-ఎ-లైనర్లని ఎగతాళి చేసేవారు. మనవారిని అలా ఎగతాళి చేయలేదు, ఎందుకంటే మనవాని జేబులో పత్రిక గుర్తింపుకార్డు ఉండేది. ఆ కార్డుకు పోలీసుస్టేషనులో కుర్చీ వేసేవారు. పంక్తుల డబ్బు పెట్రోలుకు చాలనప్పుడు ప్రకటనల కమీషను ఆదుకునేది. వార్త వ్రాయవలసిన దుకాణంలోనే ప్రకటన అడగవలసి వచ్చేది. దాని ఫలితాలు అందరికీ తెలిసినవే, విస్తరించను.

పనిచేసే పాత్రికేయుల చట్టం 1955లోనే వచ్చింది. పాలేకర్, బచావత్, మణిసానా, మజీఠియా అని వేతన సంఘాలు వరుసగా వచ్చాయి. ఉద్యోగి అని ఏ కాగితం మీదా లేని లైన్ అకౌంట్ మనిషికి వాటి ఫలం అందడం అరుదు. పారితోషికంలో గౌరవం ఉండి లెక్క లేదు, లైన్ అకౌంట్‌లో లెక్క ఉండి గౌరవం లేదు. రెండూ ఉన్న చోటు కోసం వెతికితే చిక్కడపల్లిలో నాకు ఇద్దరే కనిపించారు. ఒకరు సబ్ రిజిస్ట్రారు కచేరీ దగ్గరి దస్తావేజు లేఖరి. ఆయన వ్రాసినదానిని ఎవరూ కొట్టివేయరు, డబ్బు ముందే చేతికి వస్తుంది. రెండవవారు డీటీపీ ఆపరేటరు.

ఈ డీటీపీ ఆపరేటరును గురించి నాలుగు మాటలు చెప్పాలి. కవి తన సంపుటి తానే వేసుకోవడం మనకు ఆచారం. చేతివ్రాత ప్రతి పట్టుకొని చిక్కడపల్లి మెట్లెక్కుతాడు. ఆపరేటరు పేజీకింత అని అను ఫాంట్లలో, పేజ్‌మేకరులో కూరుస్తాడు. దిద్దుబాట్లకు మళ్ళీ డబ్బు. కాగితానికి, ముద్రణకు, అట్టమీది బొమ్మకు, గానసభలోనో మరొకచోటనో హాలుకు, ఆనాటి టీలకు అన్నిటికీ కవే చెల్లిస్తాడు. సభ ముగిశాక ప్రతులు ఉచితంగా పంచుతాడు. ఆ పుస్తకం మీద సంపాదించనివాడు ఒక్క కవే! ఎన్ని పద్యాలు వ్రాశాడో ఆయనకే తెలియదు గాని ఎన్ని పేజీలయ్యాయో ఆపరేటరుకు ఖచ్చితంగా తెలుసు.

అను ఫాంట్లలో కూర్చిన ఆ అక్షరాలు అంతర్జాలంలో పనికిరావు. తెర మీద తెలుగే, లోపల మాత్రం రోమను సంకేతాలు. యూనీకోడులో 1991 నుంచి తెలుగుకు చోటుంది, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి వచ్చింది, 2006లో లేఖిని వచ్చింది. మనవాళ్ళు ఉత్సాహంగా వ్రాశారు. ఆ యూనీకోడు వ్రాతను చిక్కడపల్లికి తీసుకుపోతే పేజ్‌మేకరుకు అది అర్థం కాలేదు. కాబట్టి మళ్ళీ పేజీకింత. అచ్చుకూ జాలానికీ నడుమ ఆ గోడ ఉన్నంతకాలం ఇటు వ్రాసినవాని వ్రాత అటు అమ్ముడుపోలేదు.

జాలంలో డబ్బు లేదా అంటే ఉంది, తెలుగుకు లేదు. గూగుల్ 2003లో యాడ్‌సెన్స్ ప్రారంభించింది. పుటలోని మాటలను యంత్రం చదివి, వాటికి తగిన ప్రకటన తెచ్చి పక్కన పెడుతుంది. ప్రకటనదారు ఇచ్చినదానిలో 68 శాతం పుట యజమానిదని 2010లో గూగుల్ వెల్లడించింది. పది డాలర్లు చేరితే చిరునామా సరిచూడడానికి ఉత్తరంలో ఒక సంఖ్య పంపేది. వంద డాలర్లు నిండితే గాని డబ్బు రాదు. అప్పట్లో చెక్కు వచ్చేది. అంతా బాగానే ఉంది, కాని వారి భాషల జాబితాలో తెలుగు లేదు. తెలుగు పుటలో ఆ సంకేతం పెట్టడమే నియమాలకు విరుద్ధం. పెట్టినా ఒక్కొక్కసారి పైసా రాని ప్రజాహిత ప్రకటన వచ్చి కూర్చునేది. హిందీకి 2014 డిసెంబరులో తలుపు తెరిచారు. బెంగాలీకి 2017లో, తమిళానికి 2018లో. తెలుగుకు కూడా 2018లోనే. పదిహేను సంవత్సరాలు! లేఖినితో వ్రాయడం మొదలుపెట్టిన తరం తన ఉత్సాహమంతా ఖర్చు చేసుకున్న తరువాత వచ్చిన అనుమతి అది.

ఈ నడుమ, వ్రాతతో నాలుగు రూపాయలు కావాలనుకున్న మన కుర్రవాళ్ళు ఇంగ్లీషుకు మళ్ళారు. కంటెంట్ రైటింగ్ అని పేరు. పదానికి ఇన్ని పైసలు. ఎన్నడూ చూడని దేశపు గృహఋణాల గురించి, ఎన్నడూ తొక్కని ట్రెడ్‌మిల్లు గురించి ఐదువందల పదాలు, అందులో ఫలానా మాట ఇన్నిసార్లు రావాలన్న షరతు. చదివేవాడు మనిషి కాదు, వెదుకులాట యంత్రం. 2011 ఫిబ్రవరిలో గూగుల్ పాండా అనే మార్పు తెచ్చి ఇటువంటి పుటలను అడుగుకు నెట్టేసరికి ఆ వ్యాపారంలో చాలా భాగం కుదేలైంది. లైన్ అకౌంట్ మనిషికి కనీసం వాని ఊరి వార్త వ్రాశానన్న తృప్తి ఉండేది. ఇతనికి తన పేరు కూడా లేదు.

ఇక 2018 తరువాత ఏమైంది? తెలుగు పుటకు కొలత వచ్చింది. ఎన్ని కళ్ళు పడ్డాయి, ఎన్ని వేళ్ళు నొక్కాయి అన్నదే ఆ కొలత. శీర్షికలో చావు, లోపల పుట్టినరోజు. ఒక్క ముక్కలో చెప్పదగిన విషయానికి ఆరు పేరాలు, నడుమ నాలుగు ప్రకటనలు. సత్తుపల్లి విలేకరి సాగదీతకు సబెడిటరైనా అడ్డుండేవాడు. ఇక్కడ ఎవరూ లేరు. జాగ్రత్తగా వ్రాసి, ఏడాదికి పది వ్యాసాలు మాత్రమే పెట్టేవారికి వంద డాలర్ల గడప చేరడానికి ఎన్నేళ్ళు పడుతుందో లెక్క వేసుకోవచ్చు. మరొక దారి వట్టికోటవారిది, అంటే పాఠకుడే చెల్లించడం. 2010లో హైదరాబాదులో మొదలైన కినిగె ఈ-పుస్తకాలమ్మి రచయితలకు రాయల్టీ లెక్కగట్టింది. బెంగుళూరి ప్రతిలిపి చందాల మీద ధారావాహికలు నడిపి తెలుగులోనూ వ్రాసేవారికి నెలనెలా కొంత చేర్చింది. వారిలో గృహిణులు ఎక్కువగా కనిపిస్తారు. ఆ రచనల మీద మన విమర్శకుల చిన్నచూపు నాకు తెలుసు. కాని పాఠకురాలు తన డబ్బుతో మరుసటి భాగం కొన్నదంటే అది ఏ అమృతాంజనం మిగులూ కాదు. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే, 1978 నుంచి నడిచిన చతుర, విపుల 2021లో ఆగిపోయాయి. అంతకు ముందరి ఏడు కరోనాలో ఆంధ్రభూమి అచ్చు నిలిచిపోయింది. కథకు పారితోషికం పంపే చిరునామాలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి.

లోయర్ ట్యాంక్ బండ్ ప్రాంతంలో తెలుగు వ్రాతకు ఈనాడు గిరాకీ లేదనుకుంటే పొరపాటు. అశోక్ నగర్ వెళ్ళి చూడండి. గ్రూప్స్ పరీక్షలకు చదివే వేలమంది అక్కడి గదుల్లో, లైబ్రరీ ఆవరణలో ఉంటారు. 2024 అక్టోబరులో గ్రూప్-1 మెయిన్స్ వాయిదా కోరుతూ వారు రోడ్డెక్కినప్పుడు దేశమంతా ఆ పేట పేరు విన్నది. నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా హిమాయత్‌నగర్‌లో అకాడమీ పుస్తకాలకు వరుస కడతారు. ఇక వీధుల్లోని జిరాక్సు దుకాణాల్లో స్పైరల్ కట్టిన నోట్సు గుట్టలు గుట్టలుగా ఉంటుంది. తెలంగాణ ఉద్యమ చరిత్ర, భారత రాజ్యాంగం, ఆర్థికవ్యవస్థ, అన్నీ తెలుగులోనే. ఎవరో కూర్చుని శ్రద్ధగా వ్రాసినదే అది. కొన్ని నోట్సులలో వాక్యం చాలా పుస్తకాల కంటే శుభ్రంగా ఉంటుంది. అట్టమీద కోచింగు సెంటరు పేరు ఉంటుంది, ఒక్కొక్కప్పుడు అదీ ఉండదు. వ్రాసినవాని పేరు ఎక్కడా ఉండదు. ధర అడిగితే దుకాణదారు చివరి పేజీ తిప్పి సంఖ్య చూసి, జిరాక్సు రేటుతో హెచ్చవేసి చెబుతాడు.