జలాశయముల చెంత జీవశిల్పము

మొయినాబాదు, చేవెళ్ల సీమయందు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములకు చేరువనున్న ఎంకపల్లి గ్రామపు ఇటీవలి చరిత్రమును చెప్పబూనువాడు ఒక జలప్రళయముతో ఆరంభింపవలసి యున్నది. 1908 సెప్టెంబరు మాసాంతమున మూసీనది పొంగి హైదరాబాదు నగరమున దాదాపు 15,000 మందిని పొట్టనబెట్టుకొనినపుడు, నిజాం ప్రభుత్వము ఇంజనీరగు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించి, ఆయన సూచనల ననుసరించి నగరమునకు ఎగువన జలాశయములను నిర్మింపజేసెను. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, దాని ఉపనది యగు ఈసాపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియయ్యెను. వరదను నిలువరించుటకై కట్టిన ఆ కట్టలే నగరవాసుల దాహమును తీర్చుటతో, ఎగువ పల్లెలలో నేలపై పడిన ప్రతి వస్తువును దిగువనున్నవాని కడవను చేరు స్థితి యేర్పడెను.

ఆ సంబంధమునకు 1996 మార్చి 8వ తేదీన వెలువడిన 111వ నంబరు ప్రభుత్వోత్తర్వు శాసనరూపము నొసగినది. జలాశయముల నిండు నీటిమట్టము నుండి 10 కిలోమీటర్లలోపల కాలుష్యకారకములగు పరిశ్రమలు వెలయరాదని విధించిన ఆ ఉత్తర్వు 84 గ్రామములను తన పరిధిలోనికి తెచ్చినది. హిమాయత్‌సాగర్ సమీపమున పెద్దషాపూరులో ఆముదము నుండి రసాయనములను తయారుచేయ దలపెట్టిన కర్మాగారపు వివాదము సుప్రీంకోర్టు వరకు పోగా, 1999లో జస్టిస్ ఎం. జగన్నాథరావు వ్రాసిన తీర్పు ఒక గొప్ప సూత్రమును స్థాపించినది: హాని జరుగునని నిరూపింపవలసిన భారము ప్రజలపై లేదు, హాని లేదని నిరూపింపవలసిన భారము క్రొత్తదానిని తెచ్చువానిపై నున్నది. నగరము త్రాగు నీటికొరకు తమ భూముల విలువను త్యాగము చేసితిమని రైతులు చిరకాలము వాపోయిరి. వారి వేదన న్యాయమైనదే. 2022లో 111వ ఉత్తర్వులోని నిర్బంధములను ఎత్తివేయుచు ప్రభుత్వము మరొకదానిని వెలువరించినది. పొగగొట్టములు రాని ఈ సీమకు ఈలోపుననే విద్యాలయములు వచ్చియుండెను. ఎంకపల్లిలో 2002లో ఇంజనీరింగు కళాశాల నెలకొనగా, తరువాత ఫార్మసీ కళాశాలయు దానికి తోడయ్యెను.

సరిగా ఆ కాలముననే, 2003 జనవరిలో, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ యందు కొందరు విద్యార్థులు జన్యుభాగములను కూర్చి, మినుకుమినుకుమని వెలుగు బాక్టీరియాను రూపొందింపవలెనను పాఠమును చేపట్టిరి. మరుసటి సంవత్సరమున 5 జట్లతో పోటీగా మారిన ఆ పాఠమే నేడు లోకవ్యాప్తమైన ఐజెమ్ అను సింథటిక్ బయాలజీ (జీవశిల్పము) స్పర్ధ. భారతదేశము నుండి 2006లో బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రపు విద్యార్థులు అందు పాల్గొనిరి. ఈ స్పర్ధలో జట్టు తాను నిర్మించిన జన్యుభాగమును దాచుకొనక, అందరికిని ఉపయోగపడు ఉమ్మడి భాండాగారమునకు సమర్పించును. ఒకరు కూర్చినదానిపై మరునాటివారు మరొక మెట్టు కట్టుదురు.

ఆ 2006వ యేటనే అదే స్పర్ధలో ఎడింబరో విశ్వవిద్యాలయ విద్యార్థులు చేసిన పని నీటిచెంత బ్రతుకు మనము తెలిసికొనదగినది. బంగ్లాదేశపు గొట్టపుబావులలోని ఆర్సెనిక్ విషమును చౌకగా పసిగట్టుటకై వారు ఇ. కోలై బాక్టీరియాను ఎంచుకొనిరి. ఆర్సెనిక్ సోకినంతనే మేల్కొను జన్యుస్విచ్చు ఆ జీవికి సహజముగనే కలదు. దానిని పాలచక్కెరను జీర్ణించుకొను జన్యువునకు తగిలింపగా, విషమున్న నీటిలో ఆ జీవి చక్కెరను పులియబెట్టి ఆమ్లమును పుట్టించును, ఆ ఆమ్లముచే సూచకద్రవ్యము రంగు మారును. విషమును కనుగొనుటకు అచట విలువైన యంత్రముతో పనిలేదు.

తెలుగు నేలకు ఈ విద్య అపరిచితము కాదు. నెల్లూరు జిల్లాలో జన్మించిన వరప్రసాదరెడ్డి, ఇంజనీరై యుండియు, 1993లో శాంతా బయోటెక్నిక్స్‌ను స్థాపించి, ఈస్టు కణములచే హెపటైటిస్-బి టీకాను తయారుచేయించి, 1997లో దేశమునకు అందించిరి. 2021లో తిరుపతిలోని ఐసర్ అను విజ్ఞానవిద్యాసంస్థ విద్యార్థుల జట్టు, స్త్రీలకు మేలైన గర్భనిరోధక పద్ధతికై మార్పుచేసిన బాక్టీరియాను వినియోగించు ఊహతో ఐజెమ్ వేదిక నెక్కినది. జీవశాస్త్రమును చదివినవానితో పాటు గణితమును, కంప్యూటరును, ఔషధశాస్త్రమును ఎరిగినవారును, ప్రజలను కలిసి వారి భయసందేహములను ఆలకింపగలవారును అట్టి జట్టునకు కావలయును.

ఈ పోటీకి ఒక కఠిన నియమము కలదు: మార్పుచేసిన జీవిని ప్రయోగశాల గడప దాటనీయరాదు. తాను నిర్మించునది ఎవరిని తాకునో, ఎట్లు తాకునో విచారించి న్యాయనిర్ణేతలకు సమాధానము చెప్పుట జట్టు విధులలో నొకటి. పెద్దషాపూరు తీర్పు కర్మాగారపు యజమానిపై మోపిన భారమే యిది. వస్తువు మారినను ధర్మము మారలేదు. కనుక ఎంకపల్లి వంటి గ్రామమున ఇంజనీరింగును, ఔషధవిద్యను అభ్యసించు యువతీయువకులు ఈ శాస్త్రమున అడుగిడుదురేని, వారు రిక్తహస్తములతో అడుగిడుట లేదు. జీవిని నిర్మించు నేర్పును పుస్తకములనుండి పొందవచ్చును. దిగువనున్నవారికి బాధ్యులమను బుద్ధిని మాత్రము శతాబ్దకాలపు అనుభవమున ఆర్జించినది ఈ సీమ. ఆ రెండును ఒక్క విద్యార్థియందు కలిసినపుడే ఈ నూతనశిల్పము లోకమునకు విశ్వసింపదగిన విద్య యగును. ఆ కలయికకు తగిన చోటు మన జలాశయముల చెంతనే కలదని నా దృఢవిశ్వాసము.