కడప బండ మీద సీడీ ప్లేయర్

1982 అక్టోబరు 1న సోనీ సంస్థ జపానులో సీడీపీ-101 పేరుతో తొలి సీడీ ప్లేయర్‌ను అంగళ్లలో పెట్టింది. అంతకు నాలుగేళ్ల ముందే, 1978లో, ఎన్ఏడీ కంపెనీ చానల్‌కు 20 వాట్ల చిన్న ఆంప్లిఫైయర్ 3020ని తెచ్చి, మంచి ధ్వని కోసం ఆస్తులు అమ్ముకోనక్కర్లేదని చూపించింది. చౌక హై-ఫై చరిత్ర ఎవరు రాసినా ఈ రెండు పెట్టెలను దాటి పోరు. వాటి వయసు నలభై దాటింది. పాత కర్నూలు, కడప జిల్లాల్లో మాత్రం ఆ చరిత్ర వేరే దారిన నడిచింది. ఇక్కడ కొనేవాడు పెట్టె ఎండకు, దుమ్ముకు, కరెంటుకు నిలుస్తుందా అని చూశాడు. చెడిపోతే బాగుచేసేవాడు ఊళ్లో ఉన్నాడా అని అడిగాడు. ఆ తర్వాతే ధ్వని సంగతి.

పాటను దాచుకోవాలన్న కోరిక ఈ నేలకు పాతదే. కడప జిల్లా తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య (1408–1503) సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో భద్రపరిచారు. రేకుల మీద సాహిత్యం మిగిలింది, రాగం పేరు మిగిలింది. ఆనాటి బాణీ మిగలలేదు. తర్వాతి శతాబ్దాల్లో పాట పాడేవాడి గొంతులోనే బతికింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన నాటక సమాజానికి మైకు లేదు. చివరి వరసకు అందేలా పద్యం ఎత్తుకోవడం నటుడి విద్యలో భాగం. గ్రామఫోను కలిగినవాళ్ల ఇళ్లకే వచ్చింది. స్ప్రింగు తిప్పితే తిరిగే ఆ పెట్టెకు కరెంటుతో పనిలేదు కాబట్టి పల్లెల్లోనూ పలికింది. ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు పాట, మళ్లీ ముల్లు మార్చడం.

1938లో మద్రాసు, 1948లో విజయవాడ రేడియో కేంద్రాలు మొదలయ్యాయి. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం వచ్చాక మీడియం వేవు మీద రాయలసీమ గొంతు సీమకే స్పష్టంగా వినిపించసాగింది. పెళ్లికి, పీర్ల పండక్కి, తిరునాళ్లకు అహూజా ఆంప్లిఫైయర్, రెండు హారన్లు ఉన్న మైకు సెట్టు అద్దెకొచ్చేది. ఇంట్లో మిద్దె గోడకున్న గూట్లో ట్రాన్సిస్టర్ కూర్చుంది. క్యాసెట్టు చౌకయ్యాక, 1980లలో, ఎవరికి నచ్చిన పాట వాళ్లు నచ్చినప్పుడు వినే రోజులు వచ్చాయి. రంగస్థల నటుడు డి.వి. సుబ్బారావు హరిశ్చంద్ర పద్యాలు ఒకవైపు, ఇళయరాజా పాటలు ఇంకోవైపు. టేప్ రికార్డర్‌లోని చిన్న స్పీకరుకు ఆ రెండూ బరువే అయ్యాయి. అక్కణ్ణుంచే అసలు కథ మొదలవుతుంది.

ఆ కథకు నాయకుడు వేలెడంత నల్ల ముక్క. సాన్యో కంపెనీ కారు స్టీరియోల కోసం తయారు చేసిన ఎల్ఏ 4440 అనే ఐసీ. దాన్ని స్టీరియోగా వాడితే చానల్‌కు 6 వాట్లు, రెండు చానళ్లనూ కలిపి బ్రిడ్జిగా కడితే 19 వాట్లు. కారు కోసం పుట్టింది కాబట్టి 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. ఈ ఒక్క గుణం చాలు, సీమ పల్లెల్లో దానికి పీట వేయడానికి. కరెంటు పోతే ట్రాక్టరు బ్యాటరీకి తగిలిస్తే పాట ఆగదు. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ నుంచో, మద్రాసు రిచీ స్ట్రీట్ నుంచో బోర్డులు, ట్రాన్స్‌ఫార్మర్లు, కండెన్సర్లు తెచ్చుకుని ఊళ్లోని రేడియో మెకానిక్ వాటిని రేకు డబ్బాలోనో చెక్క పెట్టెలోనో బిగించేవాడు. అదే అసెంబుల్డ్ సెట్టు. ముందువైపు వాల్యూమ్, బాస్, ట్రెబుల్ మీటలు, పాటతోపాటు ఎగిరే ఎర్ర దీపాల వరస. కంపెనీ పేరు ఉండదు. బిగించినవాడే దాని గ్యారంటీ.

ఇలాంటి సెట్టు ఇక్కడ ఎందుకు మన్నిందో లెక్క వేసి చూడవచ్చు. 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే ఏసీని డయోడ్లు, కండెన్సర్ల గుండా పంపితే సుమారు 16 వోల్టుల డీసీ వస్తుంది. పొలాల్లో బోరు మోటార్లన్నీ ఒకేసారి ఆడి ఇంటి కరెంటు 230 నుంచి 170 వోల్టులకు పడినా ఐసీకి ఇంకా 11, 12 వోల్టులు అందుతాయి. పాట కొంచెం నీరసంగా వస్తుందే తప్ప ఆగదు. ప్రమాదం రెండో వైపు నుంచి వచ్చేది. అర్ధరాత్రి మోటార్లు ఆగి, లైన్లో భారం తగ్గి వోల్టేజీ 270కి ఎగిరితే డీసీ 19 దాటుతుంది. ఆ ఐసీ పనిచేస్తూ తట్టుకోగలిగింది 18 వోల్టులే. తెల్లారేసరికి ఐసీ పోయి ఉంటుంది. చౌక ఐసీ కాబట్టి ఊడదీసి కొత్తది అతికిస్తే సాయంత్రానికి సెట్టు మళ్లీ పాడుతుంది. ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగినవాళ్లు 2ఎన్3055 ట్రాన్సిస్టర్ల సెట్టుకో, ఎస్‌టీకే ఐసీ సెట్టుకో వెళ్లారు. వాటి శబ్దం గంభీరం. కానీ ఎస్‌టీకేలో నకిలీలు కలిసిపోయి, అసలు ముక్క దొరకడమే కష్టమైంది. నకిలీ ముక్క పెళ్లి ఊరేగింపు సగంలో ఉండగా కాలిపోయేది.

ఎండ నెమ్మదిగా పనిచేసే శత్రువు. ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ లోపలి వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాని ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది ఇంజినీర్ల లెక్క. మే నెలలో కర్నూలులో బయటే 40 డిగ్రీలు దాటుతుంది. మూసిన డబ్బాలో, హీట్‌సింకు పక్కన ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. కండెన్సర్ ఎండిపోతే స్పీకర్లో గుయ్‌మని హమ్మింగ్ మొదలవుతుంది. మెకానిక్ మూత తెరవకముందే ఆ శబ్దంతో జబ్బు పోల్చుకునేవాడు. దుమ్ము వాల్యూమ్ కంట్రోల్లోకి దిగితే మీట తిప్పినప్పుడల్లా గరగర. ఇలాంటి రోగాలను హస్తవాసితో, చెవితో నయం చేసిన ఈ మెకానిక్కుల పేర్లు ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. రెండు జిల్లాల్లో సంగీతం సామాన్యుడి ఇంటికి చేరడంలో వాళ్లది చాలా పెద్ద పాత్ర.

స్పీకర్ల విషయంలో ఈ ప్రాంతం మరింత సొంతంగా ఆలోచించింది. నాపరాళ్లు పరిచిన నేల, రాతి గోడలు, బండల కప్పు ఉన్న గదిలో పాట గోడలకు కొట్టుకుని కీచుమంటుంది. బాస్ కావాలంటే పెట్టె కావాలి. మంచి చెక్క పెట్టె ఖరీదు స్పీకరుకంటే ఎక్కువ. అందుకే కుమ్మరి చేసిన మట్టికుండ మూతి మీద స్పీకరు బిగించారు. కుండలోని గాలి తన సొంత స్థాయిలో ఊగి తబలా, డోలు శబ్దాలకు గుండ్రని బరువు ఇచ్చింది. గుండ్రటి గోడ కాబట్టి చెక్క పలకల్లా అదరదు. మధ్యస్థాయి స్వరాలు కాస్త బోలుగా వస్తాయన్న మాట నిజమే. గొంతు స్పష్టత కోరేవాళ్లు పద్యాలు వినేటప్పుడు కుండను తీసేసి చిన్న స్పీకరు పెట్టుకునేవాళ్లు. వినేవాళ్ల చెవి ఎంత పదునుగా తయారైందో ఈ అలవాటు చెబుతుంది.

సీడీ ఈ లోకంలోకి ప్రధానంగా కువైట్ నుంచి దిగింది. కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి వేల కుటుంబాలు గల్ఫ్ మీద బతికాయి, ముఖ్యంగా ఇంటి పనులకు వెళ్లిన ఆడవాళ్ల సంపాదన మీద. సెలవుకు వచ్చేటప్పుడు వాళ్లు తెచ్చిన సామాన్లలో బంగారం తర్వాత గౌరవం టేప్ రికార్డర్‌దే. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చారు. కట్టుబట్టలతో వచ్చినవాళ్లకు పాటపెట్టె ఊసే లేదు. యుద్ధం ముగిశాక మళ్లీ వెళ్లినవాళ్ల అట్టపెట్టెల్లోంచి సీడీ ఉన్న సిస్టమ్‌లు బయటకు రావడం మొదలైంది. కువైట్ కరెంటు 240 వోల్టులు, 50 సైకిళ్లు; అక్కడి సెట్టు ఇక్కడ నేరుగా పనిచేస్తుంది. సౌదీ ఇళ్లలో అప్పట్లో 127 వోల్టులు, 60 సైకిళ్లు ఉండేవి. అక్కణ్ణుంచి వచ్చిన సెట్టును తెలియక ప్లగ్గులో పెడితే పొగే. తెలిసినవాళ్లు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కట్టించుకున్నారు. అయినా 60 సైకిళ్లకు చేసిన లోపలి ట్రాన్స్‌ఫార్మర్ 50 మీద ఎక్కువ వేడెక్కుతుంది. అట్ట మీద వేల వాట్ల పీఎంపీఓ అని అచ్చయిన సెట్టు నిజంగా ఇచ్చేది ఎంతో 19 వాట్ల అసెంబుల్డ్ సెట్టు పక్కన పెడితే తేలిపోయేది. అప్పటినుంచి ఆర్ఎంఎస్, అంటే నిలకడగా ఇచ్చే అసలు శక్తి, ఎంత అని అడగడం చాలామంది నేర్చుకున్నారు.

12 సెంటీమీటర్ల పళ్లెం, 74 నిమిషాల సంగీతం, సెకనుకు 44,100 నమూనాలు. క్యాసెట్టులోని బుస్‌మనే శబ్దం ఇందులో లేదు. 1992లో వచ్చిన ‘రోజా’ తర్వాత సినిమా పాటల్లో లోతైన బాస్, నిశ్శబ్దం, సన్నని గలగలలు కలిసి వచ్చేసరికి సీడీకీ క్యాసెట్టుకీ తేడా ఎవరి చెవికైనా అందింది. ఆ పాటలు కట్టిన ఏఆర్ రెహమాన్ కడప అమీన్ పీర్ దర్గా భక్తుడు, అక్కడి ఉరుసుకు వస్తూంటాడు. కడపవాళ్లు ఆయన సంగీతాన్ని సగం సొంతంగా భావించడంలో అర్థముంది.

కానీ సీడీ ప్లేయర్ 4440లా ఓర్పుగల జీవి కాదు. దాని లోపలి రెగ్యులేటర్లకు తగినంత వోల్టేజీ అందకపోతే డిస్‌ప్లే మసకబారి పళ్లెం ఆగిపోతుంది, అందుకే స్టెబిలైజర్ తప్పనిసరి. లేజరు లెన్స్ మీద సన్నని దుమ్ము పడితే ‘నో డిస్క్’ అంటుంది. దూదిపుల్లతో తుడిస్తే కొంతకాలం నడుస్తుంది. తొందరపడిన మెకానిక్ లేజరు పక్కనున్న ప్రీసెట్ తిప్పి కరెంటు పెంచితే ఆ రోజుకు పాడుతుంది, కొద్ది నెలలకు లేజరు పూర్తిగా పోతుంది. గీతలను మాత్రం సీడీ బాగా సహించింది. రెండున్నర మిల్లీమీటర్ల మేర సమాచారం పోయినా దిద్దుకునే ఏర్పాటు అందులో ఉంది. మరో ఇబ్బంది అదురు. స్పీకరూ ప్లేయరూ ఒకే చెక్క బల్ల మీద ఉంటే బాస్ కొట్టినప్పుడల్లా పాట దాటుకుపోతుంది. దానికి మందు ఇంటి ముంగిట్లోనే దొరికింది. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంగుళం మందం ఉన్న కడప బండ సుమారు 19 కిలోలు తూగుతుంది. దాని కింద రబ్బరు ముక్కలు పెట్టి పైన ప్లేయర్ ఉంచితే అదురు దాదాపు అణిగిపోతుంది. పెద్ద నగరాల్లో ఖరీదైన స్టాండ్లు చేసే పని అదే. బేతంచెర్ల, యర్రగుంట్ల నాపరాయి గనుల చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఇది మిగులు ముక్కతో తీరిపోయింది. చెదలు పట్టకపోవడం అదనపు లాభం.

ఇక్కడితో ఒక పెట్టె తర్వాత ఒకటి వచ్చే క్రమం చెదిరిపోతుంది. 1990ల చివర్లో చైనా వీసీడీ ప్లేయర్లు వచ్చాయి. సినిమా కోసం కొన్నది సీడీ ప్లేయర్‌గానూ పనికొచ్చింది. 2001 ఏప్రిల్‌లో దిగుమతుల మీద పరిమాణ ఆంక్షలు తొలగాక సెట్టు ధరలు పడిపోయాయి. ఎంపీ3 డిస్కులో 130, 150 పాటలు పట్టాక 74 నిమిషాల ఆల్బమ్ కొనడం తగ్గింది. అసలైన సీడీ, ఎంపీ3 మధ్య తేడాను కనిపెట్టినవాళ్లు కనిపెట్టారు, చాలామంది లెక్కచేయలేదు. మెకానిక్కులు కొందరు డిష్ యాంటెన్నాల పనికి, తర్వాత సెల్‌ఫోన్ రిపేరుకు మళ్లారు. హోం థియేటర్ పేరుతో ఆరు స్పీకర్ల అసెంబుల్డ్ సెట్లు వచ్చాయి, పాతవి స్టోరు గదిలోకి వెళ్లాయి. ఇప్పుడు కొందరు యువకులు ఆ పాతవాటినే వెతికి కొంటున్నారు. మరికొందరు 20 వాట్ల ఎన్ఏడీ కోసం నగరాల పాత సామాన్ల అంగళ్లు గాలిస్తున్నారు.

సీడీ ప్లేయర్లకు విడిభాగాలు ఇప్పుడు కష్టంగా దొరుకుతున్నాయి. కొన్ని పాత రకాల లేజరు పికప్‌లకు చైనా నకళ్లే దిక్కు. 4440 బోర్డులు మాత్రం ఇంకా అమ్ముడుపోతున్నాయి, ఇప్పుడు వాటి ముందు క్యాసెట్టు డెక్‌కు బదులు బ్లూటూత్, యూఎస్‌బీ ముక్క ఉంటోంది.