తాతమ్మ చేతికిచ్చిన సమన్లు

మా బరంపురం ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులు, అంటే 1936కి ముందు. గంజాం మనుషులు గోపాలపురం రేవులో స్టీమరెక్కి రంగూన్ పోయేవారు. మన పెద్దల నోట అది ఎప్పుడూ ‘రంగమే’. ఓడ చార్జీకీ, ఇంటి ఖర్చుకీ నోటు రాసి అప్పు తేవడం మామూలు. మా ముత్తాత కూడా రాశారు.

రంగం నుంచి వచ్చేవాళ్ళ చేత డబ్బు పంపుతూ సగం పైనే తీర్చారు. కాని నోటు వెనక చెల్లు వేయించుకోలేదు. మొహమాటం! షావుకారు మొత్తం బాకీకి దావా వేశాడు.

కోర్టు బంట్రోతు వచ్చి సమన్లు మా తాతమ్మ చేతిలో పెట్టి పోయాడు. ఆవిడకి చదువు రాదు, కాగితం ట్రంకు పెట్టెలో దాచింది. ఇంట్లో మగదిక్కంటే పదేళ్ళ మా తాతగారే. వాయిదాకి ఎవరూ వెళ్ళలేదు, ఏకపక్షంగా డిక్రీ అయిపోయింది. అమీనా జప్తుకి గుమ్మంలో నిలబడితేగాని మాకు తెలీలేదు.

ఉత్తరం అందగానే ముత్తాత వచ్చేశారు. వకీలుగారు బాకీ ఎంతని అడగలేదట, సమన్లు ఎవరు తీసుకున్నారని అడిగారట. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ ఐదో ఆర్డరు 15వ రూలు ప్రకారం ప్రతివాది దొరక్కపోతే, అతని తరఫున తీసుకునే ఏజెంటూ లేకపోతే, అతనితో ఉంటున్న కుటుంబంలోని వయసొచ్చిన మగవాడికే ఇవ్వాలి. నౌకరు పనికిరాడు. ఆడవాళ్ళ మాటే లేదు. తాతమ్మ ఆ కాగితం తీసుకున్నా చట్టం లెక్కలో తీసుకోనట్టే!

తొమ్మిదో ఆర్డరు 13వ రూలు కింద పిటిషన్ పెట్టారు. సమన్లు సరిగా అందనప్పుడు, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు గడువు. ఉత్తరం కవరు మీది రంగూన్ తపాలా ముద్రే ఆ తేదీకి సాక్ష్యం. డిక్రీ కొట్టేశారు. అంతమాత్రాన బాకీ పోలేదు, దావా మళ్ళీ మొదటికొచ్చింది. డబ్బు మోసుకొచ్చిన ఇద్దరు సాక్ష్యం చెప్పాక, మిగిలిందే వడ్డీతో కట్టారు. ఇల్లు నిలిచింది.

1976 సవరణతో ఆ రూల్లో ‘మగ అయినా ఆడ అయినా’ అని చేరింది. మంచిదే. వాయిదా తేదీ ప్రతివాదికి ముందే తెలిసి, రావడానికి వ్యవధీ ఉంటే, సమన్లిచ్చిన పద్ధతిలో లోపం ఒక్కటే చూపి డిక్రీ కొట్టేయకూడదనీ అప్పుడే చేర్చారు. కనక ఇప్పుడు మన ఇళ్ళలో ఎవరు కాగితం తీసుకున్నా ఆ రోజే చదివించుకోవాలి.

తాతమ్మ ట్రంకు పెట్టె మా దగ్గరే ఉంది. అందులో ఆ సమన్లూ, దానికి గుచ్చిన చెల్లు రసీదూ ఉన్నాయి.