కుడోస్ శబ్ద విచారము

ఇంగ్లీషు పత్రికలలోను, పాఠశాలల ప్రశంసాపత్రములలోను కుడోస్ అను మాట నేడు తరచుగా కానవచ్చుచున్నది. మెప్పు, ప్రశంస యని దాని యర్థము. తుది సకారమును చూచి యిది బహువచనమని యెంచి, ‘కుడో’ యను ఏకవచనమును కల్పించి వాడువారును కలరు. ఒకనాడు తరగతిలో విద్యార్థి యొకడు “దీనికి ఏకవచన మేమండీ?” యని యడుగగా, నేనును “కుడో” యని తడవుకొనక చెప్పితిని. ఆ తప్పును దిద్దుకొనుటకే యీ వ్యాసము.

ఇది గ్రీకు భాషలోని కూదొస్ శబ్దము. సకారాంతము, నపుంసకలింగము, ఏకవచనము. మన యశస్, తేజస్, మనస్ శబ్దముల వంటిది. సకారము ప్రాతిపదికలోనిదే కాని బహువచన ప్రత్యయము కాదు. తెలుగున కాలు, ముల్లు, విల్లు అనునవి లువర్ణాంతములైనంత మాత్రమున బహువచనములగునా?

ఇక అర్థము. హోమరు ఇలియడ్ కావ్యమున కీర్తివాచకములు ముఖ్యముగా రెండు. పదిమంది నోట వినబడు కీర్తి క్లెయొస్. దేవతానుగ్రహమున యోధునకు లభించి విజయమును చేకూర్చు తేజము కూదొస్. ఈ భేదమును ఎమిల్ బెన్వెనిస్ట్ పండితుడు 1969లో ప్రకటించిన గ్రంథమున విస్తరించి చూపెను.

కకారసామ్యమును బట్టి కూదొస్‌ను మన కీర్తిశబ్దముతో ముడివేయ తలచువారుందురు. అది పొసగదు. ధ్వనిలో దూరముగా తోచు క్లెయొస్ శబ్దమే మనకు నిజమైన చుట్టము. దాని పూర్వరూపము క్లెవొస్; వినుట యను అర్థముగల శ్రు ధాతువునుండి పుట్టిన శ్రవస్ శబ్దమునకు సోదరము. క్షయములేని శ్రవస్సు అను పదబంధము ఋగ్వేదమునను ఇలియడ్‌లోను సమానముగా నున్నదని అడాల్బెర్ట్ కూన్ 1853లో చూపెను. కూదొస్‌కు స్లావు భాషలలో అద్భుతార్థకమగు చూదొ శబ్దము బంధువని పలువురి మతము. కావున చెవికి తోచిన పోలిక వ్యుత్పత్తికి ప్రమాణము కాదు.

కుడోస్ 19వ శతాబ్ది పూర్వార్ధమున, గ్రీకు చదివిన విశ్వవిద్యాలయ విద్యార్థుల వేడుకమాటగా ఇంగ్లీషున ప్రవేశించెను. గ్రీకు నెరుగని జనులలో వ్యాపించిన పిమ్మట, 20వ శతాబ్దిని ‘కుడో’ పుట్టెను.

అట్లయిన ‘కుడో’ అపశబ్దమేనా? గోశబ్దమునకు గావీ, గోణీ మొదలగు అపభ్రంశములను పతంజలి మహాభాష్యమున పేర్కొని సాధుత్వమును వేరుపరచెను. ఆ మార్గమున నిది యపశబ్దమే. కాని బఠాణికి ఇంగ్లీషున పూర్వము ‘పీజ్’ అను ఏకవచనముండగా, దానిని బహువచనముగా భ్రమించి 17వ శతాబ్దిని ‘పీ’ యను రూపమును కల్పించిరి. నేడదియే సాధువు, దానిని తప్పనువాడు లేడు. కుడోస్‌కు అట్టి శిష్టసమ్మతి యింకను కలుగలేదు. నిఘంటువులలో ‘కుడో’ చేరినను పలువు రాక్షేపించుచునే యున్నారు.

కావున బాలురకు కుడోస్ ఏకవచనమనియే బోధింపవలెను. లక్ష్యము మారినప్పుడు లక్షణము మారును. అంతవరకు మూలము తెలిసి వాడుట మేలు. ఈ మాటనే మరునాడు తరగతిలో చెప్పి, నా తప్పును ఒప్పుకొంటిని.